తెరచాప పడవలో నీటి చుక్క: జాడ తీయుట, చిల్లు పూడ్చుట

వానాకాలంలో పెంకుటింట నిద్రించినవారికి ఈ అనుభవం కొత్త కాదు. అర్ధరాత్రి మంచంమీద చుక్క పడుతుంది. మంచం పక్కకు జరుపుతాము. తెల్లవారిన తరువాత నిచ్చెన వేసుకొని, చుక్క పడినచోటికి సరిగ్గా పైనున్న పెంకును మార్చి, పని ముగిసినదనుకొని దిగుతాము. మరునాటి వానకు చుక్క మళ్లీ అక్కడే పడుతుంది. పగిలిన పెంకు అది కాదు. అది నాలుగు మూరల పైన, కొప్పు దగ్గర ఎక్కడో ఉన్నది. అక్కడ దూరిన నీరు వాసం వెంట జారి వచ్చి, ఒక ముడి దగ్గర ఆగి, చుక్కగా రాలినది. చుక్క పడినచోటు వేరు, నీరు దూరినచోటు వేరు. ఈ చిన్న సత్యమే మా వ్యాసానికి ఆధారం.

అయితే మేము చెప్పబోయేది పెంకుటింటిని గురించి కాదు. సముద్రంమీద నడిచే తెరచాప పడవను గురించి. ఇల్లు కారితే పక్కింటికి పోయి తల దాచుకొనవచ్చును. పడవకు పక్కిల్లు లేదు. డెక్కు అనే పైతట్టే అక్కడ కప్పు, అదే నేల, దానిమీదనే మనుషులు నిలబడి పని చేయాలి, దానికే తెరచాప కొయ్యను నిలబెట్టే తీగలు బిగిసి ఉండాలి. అందుచేత ఆ తట్టులో పడిన చిల్లు పక్కబట్టలను తడపటంతో ఊరుకొనదు. ఒక్కొక్కప్పుడు పడవ ప్రాణానికే ఎసరు పెడుతుంది.

మన జంటనగరాల విద్యార్థులకు తెరచాప పడవ అపరిచితమైనది కాదు. హుసేన్ సాగర్ నీళ్లమీద చిన్న పందెపు పడవలు గాలికి ఒరుగుతూ సాగటం ట్యాంక్ బండ్ మీద నిలబడి చూసినవారు చాలమంది ఉంటారు. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 'తారిణి' అనే తెరచాప నౌకలో 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరినారు. ఆ ఆరుగురిలో హైదరాబాదు ఆడపడుచు బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన స్వాతి ఉన్నారు. సుమారు 17 మీటర్ల పొడవుగల ఆ నౌకలో ఎనిమిది నెలలకు పైగా వారికి ఇల్లూ వాకిలీ అన్నీ ఆ డెక్కు కిందనే. ఈ యాత్రను గురించి తరగతిలో మాట వచ్చినప్పుడు ఒక విద్యార్థిని, "అన్ని అలలు మీద పడుతుంటే లోపలికి నీరు రాదా?" అని మమ్మల్ని అడిగినది. భౌతికశాస్త్రం బోధించే మాకు ఆ ప్రశ్న నచ్చినది. దానికి జవాబుగా మేము స్వయంగా చూసిన ఒక పడవ కథతోనే మొదలుపెడతాము.

ఒక పడవ, మూడు వర్షాకాలాలు

మా మిత్రుడొకరికి ముంబయి రేవులో 30 అడుగుల ఫైబర్ గ్లాసు తెరచాప పడవ ఉండేది. లోపల ఎడమవైపు పడకకు పైన ఒక చిన్న కిటికీ, దాని కింద పుస్తకాలు పెట్టుకొనే అర ఉన్నవి. వాన కురిసినప్పుడల్లా ఆ అరమీద రెండు మూడు చుక్కలు పడేవి. సముద్రంలో పడవ ఎడమవైపుకు ఒరిగి సాగే రోజున అవి ధారగా మారేవి. మిత్రుడు కిటికీనే అనుమానించినారు. పరీక్షకోసం గొట్టంతో కిటికీమీద నీళ్లు కొట్టినారు. కొంతసేపటికి లోపల చుక్క పడనే పడినది. ఇంకేమి సందేహం? కిటికీ అంచు చుట్టూ సిలికోన్ పూసినారు. మరుసటి వర్షాకాలంలో మళ్లీ చుక్క. మళ్లీ పూత. ఈ విధంగా మూడు వర్షాకాలాలు గడిచినవి. ఆ తరువాత మమ్మల్ని పిలిచినారు. ఆయన చేసిన పరీక్షలో లోపమెక్కడ ఉన్నదో చెప్పటానికి ముందు నీటి స్వభావాన్ని కొంత తెలుసుకొనవలసి ఉన్నది.

నీటి నడక

నీరు పల్లమెరుగును అన్నది లోకోక్తి. కాని సన్నని సందులలో నీరు మిట్టను కూడా ఎరుగును. దీనినే కేశనాళికా ధర్మమని మనం పాఠ్యపుస్తకంలో చదువుకొంటున్నాము. రెండు శుభ్రమైన పలకల మధ్య మిల్లీమీటరులో పదోవంతు సందు ఉంటే, నీరు ఆ సందులో దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తు వరకు తనంతట తానే ఎగబాకగలదు. డెక్కుమీద బిగించిన ఇనుప సామాను కింద, పూత ఊడిన చోట, సరిగ్గా ఇటువంటి సందులే ఏర్పడుతాయి. అందుచేత నీళ్లు నిలవని మిట్ట ప్రదేశంలో ఉన్నంత మాత్రాన ఒక బోల్టు నిర్దోషి అని తీర్పు చెప్పరాదు.

రెండవది ఒత్తిడి. ఒక మీటరు లోతున నీరు నిలిస్తే అది ప్రతి చదరపు మీటరుమీద సుమారు ఒక టన్ను బరువు మోపుతుంది. అల విరిగి డెక్కుమీద పడినప్పుడు, పారే వేగంవల్ల ఈ తాకిడి ఇంకా పెరుగుతుంది. రేవులో వానకు కారని సందు నడిసముద్రంలో కారటం ఇందువల్లనే.

మూడవది చాలమంది ఊహించనిది. మూసివేసిన అరలోని గాలి ఎండకు వేడెక్కుతుంది. హఠాత్తుగా జల్లు పడితే చల్లబడుతుంది. గాలి చొరబడని అరలో ఉష్ణోగ్రత 50 డిగ్రీల నుండి 30 డిగ్రీలకు దిగితే లోపలి పీడనం నూటికి ఆరు వంతులకు పైగా తగ్గుతుంది. అంటే సుమారు 60 సెంటీమీటర్ల నీటి మట్టంతో సమానమైన బలం బయటి నీటిని లోపలికి లాగుతుందన్నమాట. హుసేన్ సాగర్‌లో తిరిగే చిన్న పందెపు పడవల బోలు శరీరంలో, అలలు లేని రోజున కూడా, నీరు చేరటానికి ఇది ఒక కారణం.

ఇట్లు లోపలికి చేరిన నీరు తిన్నగా కిందికి పడదు. ఫైబర్ గ్లాసు పడవ డెక్కు సాధారణంగా రెండు పలుచని పొరలు, వాటి మధ్య బాల్సా వంటి తేలిక కొయ్యతో చేసిన గుండె, ఈ మూడింటి కూర్పు. దాని కింద అందానికి వేసిన లోపలి కప్పు ఇంకొకటి ఉంటుంది. నీరు పైపొర చిల్లులో దూరి, గుండె కొయ్యలో ఇంకి, కింది పొర చిల్లులో బయటపడి, లోపలి కప్పుమీద ఒరుగు ఉన్నవైపుకు పారి, ఒక స్క్రూ కనబడితే అక్కడ చుక్కగా రాలుతుంది. చుక్కకూ చిల్లుకూ నడుమ ఒకటి రెండు మీటర్లు ఉండటం సర్వసాధారణం.

పూర్వపు నావికుల పద్ధతి

కొయ్య ఓడల కాలంలో ఈ సమస్య మరో రూపంలో ఉండేది. గోదావరి సాగరంలో కలిసేచోట ఉన్న కోరంగి, తాళ్లరేవు ప్రాంతాలు ఒకనాడు కొయ్య ఓడల నిర్మాణానికి పేరుమోసినవి. 1839 నవంబరు తుపానులో కోరంగి రేవు ధ్వంసమైనది గాని, ఆ చుట్టుపట్ల పడవలు కట్టే విద్య ఆ తుపానుతో అంతరించిపోలేదు. కొయ్య డెక్కులో పలకకూ పలకకూ మధ్య సందు తప్పదు. ఆ సందులో నూలో, జనపనారో దట్టించి సుత్తితో కొట్టి, పైన కీలు కాచి పోసేవారు. హిందూస్తానీ నావికుల భాషలో ఈ పనికి కాలాపట్టీ అని పేరు. పోర్చుగీసువారి 'కలఫాతే', అరబ్బుల 'కల్ఫత' ఈ మాటకు చుట్టాలే. ఒక చిన్న పనికి ఇన్ని భాషలు కలిసిన పేరు ఏర్పడినదంటే, ఆ పని ఎన్ని రేవులలో ఎంత అవసరమైనదో మన ఉర్దూ, తెలుగు విద్యార్థులిద్దరూ గ్రహించవచ్చును.

ఆ నావికులు ఉదయం సాయంత్రం డెక్కుమీద సముద్రపు నీళ్లు చల్లేవారు. శుభ్రత ఒక్కటే దాని ప్రయోజనం కాదు. ఎండిన పలక ముడుచుకొని సందు విప్పుకొంటుంది. తడిసిన పలక ఉబ్బి సందును బిగిస్తుంది. పైగా ఉప్పునీటిలో కొయ్యను కుళ్లబెట్టే బూజు అంతగా పెరగదు. వాననీరే కొయ్యకు అసలైన శత్రువు. నేటి ఫైబర్ గ్లాసు డెక్కులో సందులు లేవు గాని, సామాను బిగించటానికి దానికి పెట్టిన రంధ్రాలు వందకు తక్కువ ఉండవు. ప్రతి రంధ్రమూ ఒక వాకిలే. కాపలాకు ఉన్నది దాని చుట్టూ పెట్టిన జిగురు ముద్ద ఒక్కటే.

అనుమానితులెవరు?

మొదట తేల్చవలసినది, ఆ నీరు నిజంగా బయటనుండి వచ్చినదేనా అన్నది. చల్లని తట్టుకు మనుషుల ఊపిరిలోని ఆవిరి తగిలి చెమ్మగా మారవచ్చును. అనుమానమున్న చోట ఒక చిన్న ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచాలి. ముక్క పైవైపున తడి ఉంటే అది ఆవిరి. లోపలివైపున తడి ఉంటే అది తట్టులోనుండి ఊరిన నీరు. తరువాత ఒక చుక్కను గాజుపలకమీద ఆరబెట్టాలి. తెల్లని ఉప్పు మరక మిగిలితే సముద్రపు నీటి దారి వెదకాలి. ఏమీ మిగలకపోతే వాననీటినో, తాగునీటి తొట్టినో అనుమానించాలి.

ఇక డెక్కుమీది అనుమానితులు. మనిషి జారిపడకుండా అంచున నిలువుగా నిలిపిన కమ్మీలు మొదటివి. వీటిని పట్టుకొని లాగినప్పుడల్లా అడుగున బోల్టులు కదులుతాయి. తెరచాప కొయ్యను ఇరువైపులా లాగిపట్టే ఊత తీగలకు ఆధారమైన చెయిన్ ప్లేటులు రెండవవి. ఇవి డెక్కును చీల్చుకొని కిందికి దిగే ఉక్కు పట్టీలు. పడవ ఒరిగినప్పుడల్లా అవి వెంట్రుకవాసి కదులుతూనే ఉంటాయి. కిటికీలు, పైకి తెరిచే మూతలు మూడవవి. 60 సెంటీమీటర్ల అక్రిలిక్ కిటికీ 30 డిగ్రీల వేడి పెరిగితే ఒక మిల్లీమీటరుకు పైగా సాగుతుంది; దాని చుట్టూ ఉన్న ఫైబర్ గ్లాసు అంత సాగదు. గట్టిపడిపోయిన లప్పం ఈ తేడాను భరించలేక చిట్లుతుంది. తెరచాప కొయ్య డెక్కులో దిగే కంత, తాళ్లు కట్టే దిమ్మలు, గాలి గొట్టాలు, కరెంటు తీగలు దిగే రంధ్రాలు, డెక్కూ పడవ గోడా కలిసే అంచు, ఇవి తక్కినవి.

పరీక్ష

పరీక్షకు ముందు లోపలి కప్పు పలకలను వీలైనంత వరకు విప్పాలి. తట్టును పూర్తిగా ఆరనివ్వాలి. ప్రతి బోల్టు చుట్టూ సుద్దపొడి రాయాలి, లేదా మెత్తని కాగితపు ముక్క చుట్టాలి. తడి తగలగానే సుద్ద నల్లబడుతుంది. ఒకరు డెక్కుమీద నీటి గొట్టంతో, ఇంకొకరు లోపల దీపంతో ఉండాలి. నీరు వేగంగా చిమ్మరాదు, నెమ్మదిగా పారాలి.

అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఒకటున్నది. అడుగునుండి పైకి పోవాలే గాని, పైనుండి అడుగుకు రారాదు. పైభాగంలో నీళ్లు పోస్తే అవి కిందనున్న సామాన్లన్నిటినీ తడుపుకొంటూ పారుతాయి. అప్పుడు లోపల చుక్క పడితే దోషి ఎవరో తెలియదు. మా మిత్రుడు చేసిన పొరపాటు ఇదే. కిటికీమీద కొట్టిన నీరు దాని కిందనున్న నడకదారిమీదికి జారి, అక్కడ మరొక చిల్లులో దూరినది. కిటికీ నిరపరాధి. మూడేండ్లు శిక్ష అనుభవించినది మాత్రం కిటికీయే!

మేము అంచు బోల్టులతో ఆరంభించినాము. పదిహేను నిమిషాలు నీరు పారించినాము. లోపల సుద్ద తెల్లగానే ఉన్నది. కమ్మీల అడుగు పరీక్షించినాము, ఏమీ లేదు. తరువాత చెయిన్ ప్లేటు. దాని చుట్టూ మెత్తని లప్పంతో చిన్న గట్టు కట్టి, అందులో మిఠాయిలలో వాడే ఎర్ర రంగు కలిపిన నీరు నింపినాము. పది నిమిషాలు గడిచినవి, ఇరవై గడిచినవి. మిత్రుడు విసుగుచెంది, ఇది కాదు, కిటికీకే పోదామన్నారు. మేము గడియారం చూస్తూ కూర్చున్నాము. నలభై నిమిషాలకు పుస్తకాల అరమీద ఎర్రని చుక్క పడినది. చెయిన్ ప్లేటుకూ ఆ అరకూ మధ్య దూరం ఒకటిన్నర మీటరు. గుండె కొయ్య తడిసి నిండేవరకు నీరు ముందుకు రాదు గనుక ఆలస్యమైనది. తొందరపడి పదవ నిమిషంలో లేచి ఉంటే మేము కూడా కిటికీమీదనే నేరం మోపి ఉండేవారము. నడకదారి ఆరిన తరువాత, నీరు దానిమీదికి జారకుండా గట్టు కట్టి కిటికీని కూడా పరీక్షించినాము. ఒక్క చుక్క రాలేదు.

నీటికి దొరకని చిల్లును గాలితో పట్టుకొనవచ్చును. కిటికీలు, మూతలు, గొట్టాలు టేపుతో మూసి, ఒక ద్వారానికి అట్ట బిగించి, దాని గుండా గాలి ఊదే యంత్రంతో పడవలోనికి మెల్లగా గాలి నింపాలి. డెక్కుమీద కుంచెతో సబ్బునీరు పూస్తే, చిల్లు ఉన్న ప్రతిచోటా బుడగలు లేస్తాయి. సైకిలు ట్యూబు పంక్చరు పట్టే సూత్రమే ఇది. ఒత్తిడి మాత్రం స్వల్పంగా ఉండాలి; అధికమైతే మంచి అతుకులు కూడా విడిపోతాయి. ఇందులో ఇంకొక లాభమున్నది. నీటి పరీక్షలో నీరు దూరినచోటును వెదకాలి. గాలి పరీక్షలో ఆ చోటే మన కళ్లముందు పొంగి కనిపిస్తుంది.

చివరగా డెక్కును నాణెంతో గాని, చిన్న ప్లాస్టిక్ సుత్తితో గాని తట్టి వినాలి. గట్టి చోట ఖంగుమంటుంది. గుండె కుళ్లిన చోట బొద్దుగా, చచ్చు శబ్దం వస్తుంది. కుండలు కొనే ఇల్లాలు వేలితో తట్టి చూడటం మనం ఎరుగుదుము. ఇదీ అదే విద్య. చచ్చు శబ్దం వచ్చిన మేర చుట్టూ సుద్దతో గీత గీస్తే రోగం ఎంత దూరం పాకినదో తెలుస్తుంది.

పైపూత ఎందుకు పనికిరాదు?

చిల్లు దొరికినది గదా, దానిపైన జిగురు పూస్తే సరిపోదా అని ప్రశ్న. సరిపోదు. మొదటి కారణం, అప్పటికే లోపల చేరిన నీరు బయటకు పోయే దారి మూసుకొంటుంది. మూతవేసిన తడిలో గుండె కొయ్య కుళ్లుతుంది. రెండు పొరల మధ్య గట్టి గుండె ఉన్నంతకాలమే డెక్కుకు బిగువు. గుండె మెత్తబడితే అది కాలి కింద పరుపువలె కుంగుతుంది. కుంగినప్పుడు బోల్టులు మరింత కదులుతాయి. కదిలితే మరింత నీరు దూరుతుంది.

రెండవ కారణం ఇంకా భయంకరమైనది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని మన నమ్మకం. ఆ లోహంలోని క్రోమియం గాలిలోని ఆక్సిజనుతో కలిసి కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడి దానిని కాపాడుతుంది. పొర గీసుకుపోయినా, ఆక్సిజను అందినంతకాలం మళ్లీ ఏర్పడుతుంది. కాని గాలి తగలని సందులో ఉప్పునీరు కదలక నిలిస్తే పొర చెడి, మళ్లీ ఏర్పడదు. అక్కడ లోహం లోలోపల తినబడి, చివరకు పగులు పుడుతుంది. పైన మెరుస్తున్న పట్టీ, డెక్కు మందంలో దాగిన రెండంగుళాల మేర పుచ్చిపోయి ఉండవచ్చును.

మా మిత్రుని పడవలో చెయిన్ ప్లేటు ఊడదీసినప్పుడు సరిగ్గా ఇదే చూసినాము. పైనా కిందా అద్దంవలె ఉన్న పట్టీకి, డెక్కులో దాగిన చోట గోధుమరంగు మరక, దాని నడుమ తలవెంట్రుకవంటి పగులు ఉన్నవి. ఆ పట్టీయే ఎడమవైపు తెరచాప కొయ్యను నిలబెడుతున్నది. బలమైన గాలిలో అది తెగితే కొయ్య విరిగి మనుషులమీద పడేది. మిత్రుడు ఆ పట్టీని చేతిలో పెట్టుకొని చాలసేపు మాట్లాడలేదు. ఆ పడవలో ఆయన తన పిల్లలను సముద్రంమీదికి తీసుకొనిపోయేవారు. అరమీద పడిన ఆ చుక్కలు పుస్తకాలను తడపటానికి పడినవి కావు. మూడేండ్లుగా పడవ చేస్తున్న హెచ్చరిక అది. మేము దానిని కిటికీ మాటగా విన్నాము.

చికిత్స

చెయిన్ ప్లేటు విప్పేముందు తెరచాప కొయ్యను బలమైన తాళ్లతో వేరొక చోటికి లాగి కట్టాలి; పడవను కదలని నీటిలో ఉంచి, ఒకసారికి ఒక్క పట్టీనే విప్పాలి. తక్కిన సామానుకు ఈ భయం లేదు. విప్పిన తరువాత పని ఇట్లు సాగుతుంది.

పాత లప్పం, సిలికోన్ అవశేషాలు పూర్తిగా గోకి తీయాలి. సిలికోన్ మరక మిగిలిన చోట మరే జిగురూ అంటదు. మూడేండ్ల పూతలను తీయటానికి మాకు ఒక రోజు పట్టినది. బోల్టు రంధ్రాన్ని పెద్దదిగా తొలిచి, చుట్టూ తడిసిన గుండె కొయ్యను వంచిన మేకుతోనో, సన్నని ఉలితోనో గోకి బయటకు లాగాలి. మా చేతికి వచ్చినది తడిసిన కాఫీ పొడివలె ఉన్నది. గట్టి, పొడి కొయ్య తగిలేవరకు తవ్వాలి. తరువాత ఆరనివ్వాలి, దీనికి రోజులే కాదు, వారాలు కూడా పట్టవచ్చును. కుళ్లు చాల దూరం పాకి ఉంటే పైపొరను కోసి తీసి, కొత్త గుండె అమర్చవలసిందే.

ఆరిన తరువాత రంధ్రం అడుగున టేపు వేసి, మొదట పలుచని ఎపాక్సీ జిగురు పట్టించాలి. పిదప సన్నని సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో నింపాలి. అది రాయివలె గట్టిపడిన తరువాత దాని నడిమధ్యన బోల్టుకు సరిపడే కొత్త రంధ్రం తొలవాలి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది కొయ్య కాదు, ఎపాక్సీ గోడ. రేపు పైజిగురు చెడినా నీరు గుండెను తాకలేదు. రంధ్రం పైఅంచును కొద్దిగా గిన్నెవలె చెక్కాలి. ఆ పల్లంలో జిగురు వలయంగా నిలిచి బోల్టు మెడను పట్టుకొంటుంది.

జిగురు ఎంపికలో విచక్షణ అవసరం. లోహపు సామాను కింద బ్యుటైల్ రబ్బరు టేపు శ్రేష్ఠం. అది ఏండ్ల తరబడి మెత్తగా, అంటుకొనే గుణంతో ఉంటుంది, కావలసినప్పుడు విప్పటానికీ అనువు. పాలీసల్ఫైడ్ కూడా సామానుకు మంచిదే గాని అక్రిలిక్ కిటికీలకు తగదు. ఆ ప్లాస్టిక్‌ను అది చెరుపుతుంది. పాలీయురేథేన్ బలమైన బంధం; మళ్లీ విప్పనక్కరలేని అతుకులకే దానిని వాడాలి. సిలికోన్ కిటికీల దగ్గర కొన్ని చోట్ల ఉపయోగపడుతుంది, అంతే.

ఉపరితలాన్ని అసిటోనుతో తుడిచి, జిగురు పెట్టి, సామానును కూర్చోబెట్టాలి. పైనుండి బోల్టు తల తిరగకుండా ఒకరు పట్టుకొనాలి. కిందనుండి మరొకరు నట్టును మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగితే దాని మెడ చుట్టూ కూర్చిన జిగురు వలయం చిరుగుతుంది. కింద చిన్న వాషరుకు బదులు వెడల్పైన లోహపు పలక వేస్తే లాగుడు ఎక్కువ మేరకు పంచబడి సామాను కదలదు. బ్యుటైల్ టేపు వేసినప్పుడు ఒక్కసారిగా బిగించక, రెండు మూడు రోజులు కొద్దికొద్దిగా బిగించాలి. ఎపాక్సీ చర్మానికి హాని చేస్తుంది గనుక చేతి తొడుగులు, గోకినప్పుడు ముక్కుకు గుడ్డ తప్పనిసరి. అసిటోను దగ్గర నిప్పు ఉండరాదు.

పని ముగిసిన తరువాత ఆ మొదటి పరీక్షనే మళ్లీ చేయాలి. మేము కొత్త పట్టీ చేయించి బిగించి, మళ్లీ గట్టు కట్టి, ఎర్రనీరు పోసి, ఈసారి రెండు గంటలు కూర్చున్నాము. సుద్ద తెల్లగానే ఉన్నది. ఎడమవైపు పట్టీని చూసిన తరువాత కుడివైపు పట్టీని కూడా విప్పి చూడకుండా ఉండలేకపోయినాము. అది ఒక్క చుక్క కూడా కారలేదు గాని, దానికి కూడా గోధుమరంగు మరక మొదలైనది. దానినీ మార్చినాము.

మన ప్రయోగశాలలో

పడవ లేనివారు కూడా ఈ సూత్రాలను పరీక్షించవచ్చును. రెండు గాజుపలకలను ఒక అంచున ఆనించి, రెండవ అంచున అగ్గిపుల్ల పెట్టి, రబ్బరు పట్టీ వేసి రంగునీటిలో నిలబెడితే, సందు సన్నబడినకొద్దీ నీరు ఎంత ఎత్తుకు ఎగబాకుతుందో వంపు గీతగా కనిపిస్తుంది. బిగువైన మూతగల రేకుడబ్బాకు సూదితో చిల్లు పొడిచి, ఎండలో వేడెక్కనిచ్చి, చిల్లును కిందికి ఉంచి చల్లని నీటిలో ముంచి, ముందూ వెనుకా తూకం వేస్తే గాలి ముడుచుకొని పీల్చిన నీటి బరువు తెలుస్తుంది. అదే డబ్బాకు ఒక గొట్టం అమర్చి నోటితో మెల్లగా ఊది, సబ్బునీరు పూస్తే చిల్లు తనంతట తానే బయటపడుతుంది. ఈ మూడు ప్రయోగాలకూ అయ్యే ఖర్చు స్వల్పం. వచ్చే విజ్ఞాన ప్రదర్శనలో వీటికొక బల్ల కేటాయించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. విద్యార్థులు దానిపక్కన ఉర్దూలోను, తెలుగులోను వివరణ వ్రాయగలరు.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థినికి మా జవాబు ఇది. అమ్మా, నీరు వస్తుంది. రాని పడవ లేదు. మంచి నావికుడు పొడిబట్టతో చుక్కను తుడిచివేయక ముందు, అది ఏ దారిన వచ్చినదో అడుగుతాడు. అడిగి, జవాబు వచ్చేవరకు నలభై నిమిషాలైనా కూర్చుంటాడు. మా మిత్రుని పడవలో ఇప్పుడు ఆ అర పొడిగా ఉన్నది. పగిలిన పాత పట్టీని మాత్రం ఆయన పారవేయక, పుస్తకాల పక్కన ఆ అరలోనే పెట్టుకొన్నారు.